మీది తెట్టు

ట్యాంకరు కాలనీ మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగింది. బిందెలతో ఎదురుపోయిన ఆడవాళ్లు దుమ్ములో నిలబడిపోయారు. మీ బావి నీళ్లు మంచివేనని రిపోర్టు వచ్చిందట, ఇక నీళ్లు తోలొద్దన్నారట. డ్రైవరు కిటికీలోంచి ఆ మాట చెప్పి ఆదోని వైపు పోయాడు. నిండు ట్యాంకరు! దప్పికగొన్న వాళ్ల కళ్ల ముందు నుంచి నిండు ట్యాంకరును తిప్పుకుపోయే పాపానికి ఏ నరకం చాలుతుంది?

సారమ్మ ఖాళీ బిందె చంకనెత్తుకుని ఇంటి వైపు చూసింది. ఇంట్లో కోడలు జ్యోత్స్న నిండు చూలాలు. కొడుకు సుగ్గికని, కోతల కాలపు వలసకని, గుంటూరు మిరప కోతలకు పోతూ, ఆ పిల్లకు బావి నీళ్లు మాత్రం తాపొద్దని మరీమరీ చెప్పి పోయాడు. మరి ఏం తాపాలి?

కాలనీకి ఎగువన, ఎమ్మిగనూరు రోడ్డు మీద సావుకారి పెట్రోలు బంకు ఉంది. భూమిలో పాతిన దాని ట్యాంకు ఎక్కడో కారుతోంది. కారిందంతా నేలలో ఇంకి పల్లాన ఉన్న బావిలోకి ఊరుతోంది. నీళ్ల మీద రంగురంగుల తెట్టు. ఉడికిన అన్నానికీ అదే వాసన. అర్జీ మీద అర్జీ పెడితే ట్యాంకరు పంపారు, పరీక్షకు ఒక ఆఫీసరునూ పంపారు. ఆ పరీక్షే ఇప్పుడు కొంప ముంచింది. పోనీ గట్టిగా అడుగుదామా అంటే, బంకు పక్కనున్న పత్తి మిల్లూ సావుకారిదే, వీళ్లు పత్తి తీసే చేలూ ఆయనవే. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. ఈ కాలనీకి నుయ్యి చెరిపిందీ ఆయనే, గొయ్యి తవ్విందీ ఆయనే.

సాయంత్రం చర్చి ముందర అందరూ కూడారు. ఎమ్మిగనూరు నుంచి కూలీల సంఘం ప్రమీల వచ్చింది. ఆఫీసరు లంచం తిన్నాడని కొందరు, కాదు బాటిలు మార్చాడని కొందరు గొంతులు చించుకున్నారు. మిల్లులో బేళ్లు మోసే ఉరుకుందు మాత్రం అడ్డం పడ్డాడు.

"బంకు మీదికి పోతే రేపు పనికి పిలిసేదెవరక్కా? నీళ్లు లేకుంటే ఒకనాడు సచ్చేది. కూలి లేకుంటే దినామూ సచ్చేదే."

పిరికి మాటే, కానీ ప్రతి ఇంట్లో పొయ్యి ముందు అనుకునే మాట.

ప్రమీల అతనితో వాదానికి దిగలేదు. ఆఫీసరు బాటిలులో నీళ్లు ఎవరు పోశారని అడిగింది. సారమ్మ పోసింది. ఎలా పోసిందో చేసి చూపించమంది. అందరూ బావి దగ్గరికి కదిలారు.

సారమ్మ గిలక మీంచి బొక్కెన వదిలింది. అది నీళ్లను తాకగానే అలవాటుగా తాడును అటూ ఇటూ ఊపింది. తెట్టు పక్కకు జరిగింది. అప్పుడు లోతుకు ముంచి చేదింది. బిందె మూతికి పాత చీర ముక్క కప్పి వడగట్టింది. ఇంటికొచ్చిన మనిషికి మీది నీళ్లు, వడగట్టని నీళ్లు ఇవ్వడం ఆ కాలనీలో ఏ ఆడమనిషికీ చేతకాదు. ఆనాడు ఆఫీసరేమో ఎండన పడి వచ్చినవాడు. ఆయన బాటిలును కూడా కడిగి మరీ పోసింది. ఆ దొర నీడన కూర్చుని అందుకున్నాడు.

వడగట్టడం పూర్తికాకముందే ఆమెకు సంగతి తెలిసిపోయింది. చేతిలోని గుడ్డ జారింది.

"నా సేతులారా మన నోట్లో నేనే మన్ను కొడితినే!"

"నీ మర్యాద తప్పు గాదు సారమ్మక్కా," అంది ప్రమీల. "బావిలోకి తొంగి సూడకుండా, బంకు కాడ నేల తవ్వి సూడకుండా, నీళ్లు బాగుండాయని రాసినాడే, వానిది తప్పు."

అక్కడే నిర్ణయమైంది. బంకు చుట్టూ బోర్లు వేసి పెట్రోలు ఎంత దూరం పాకిందో తేల్చాలి. నెలనెలా కాలనీ వాళ్ల ఎదుట నీళ్లు పరీక్షించాలి. బావి బాగుపడేదాకా ట్యాంకరు ఆగకూడదు.

మరునాడు పత్తి చేలకు ఎవరూ పోలేదు. ఉరుకుందు మాత్రం తల వంచుకుని మిల్లుకు పోయాడు. మిగతావాళ్లు ఆదోనిలో నీళ్ల ఆఫీసు ముందు బైఠాయించి, ఆఫీసరును బావి దగ్గరికి రప్పించారు. సారమ్మ బొక్కెన వదిలింది. పాడు అలవాటు, చెయ్యి మళ్లీ ఊపబోయింది. పక్కనున్న ఆడవాళ్లంతా తాడు పట్టుకున్నారు. బొక్కెన తెట్టుతో సహా పైకొచ్చింది. ఆఫీసరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఆ మురికి తీసేసి శుభ్రంగా ఇవ్వమన్నాడు.

"మా కోడలి కడుపులోకి పోయేది ఇదే సార్. తీసి తీసే ఈ గతికొచ్చినాము. నింపుకో."

నింపుకోలేదు. ఖాళీ బాటిలుతో జీపెక్కాడు.

అంతే, బిందెలన్నీ తెట్టు నీళ్లతో నిండాయి. బంకు ముందర రోడ్డుకు అడ్డంగా వరుసకట్టాయి, వాటి పక్కనే ఆడవాళ్లు కూర్చున్నారు. బస్సులూ లారీలూ ఆగిపోయాయి. సావుకారి ఫోను చేయడమే ఆలస్యం, పోలీసులు దిగారు. సారమ్మనూ ప్రమీలనూ జీపులోకి తోశారు. జనం మధ్య పొట్ట పట్టుకుని నిలబడ్డ జ్యోత్స్న కనిపించింది. సారమ్మ జీపు కమ్మీ పట్టుకుని అటు వంగింది. తను లోపలుంటే ఆ పిల్లకు గుక్కెడు మంచినీళ్లు ఎవరు తెచ్చిపోస్తారు?

ఎస్సై సారమ్మ బిందెను బూటుతో తన్నబోయాడు. అంతలో మిల్లు గేటు దాటి ఉరుకుందు వచ్చాడు. ఒళ్లంతా దూది. వచ్చి, ఆ బిందెను రెండు చేతులా చుట్టుకుని, సారమ్మ కూర్చున్న చోటే కూర్చున్నాడు.

తియ్యరా దాన్ని అన్నాడు ఎస్సై.

"ఇది సాంపిల్ సార్. మీరు తీసుకునేదాకా ఈడే ఉంటాది. నేనూ ఈడే ఉంటాను."

అతని వెనకే మిల్లు హమాలీలు ఒక్కొక్కరే వచ్చి, ఒక్కో బిందె దగ్గర కూర్చోసాగారు. ఎస్సై ఇంకో జీపు కోసం ఫోను తీశాడు.