పని కింద రానిది

ఈ కాలం పిల్లలకు ఒళ్ళు వంగదు. ఈ మాట నేను గుడియాత్తంలో మా వీధి అరుగు మీద కూర్చుని పదేళ్ళుగా చెబుతున్నాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెప్పినా నాకు అలుపు రాదు. పని చేసి గట్టిపడిన ఒళ్ళు కదా!

మా కాలంలో పని అంటే ఎలా ఉండేదో వినండి. మా నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడంటే ఇక ఆయన్ని పలకరించే ధైర్యం ఎవరికీ లేదు. విసుగొస్తే లేచి వక్కాకు వేసుకునేవాడు. ఎండ ఎక్కితే ఒక కునుకు తీసేవాడు. చుట్టాలొస్తే ఆ పూటకు మగ్గం ఆపేవాడు. వీధినాటకం ఉంటే మర్నాడు కూడా ఆపేవాడు. ఆయన్ని గంట కొట్టి లేపినవాడు లేడు, గంట కొట్టి పొమ్మన్నవాడూ లేడు. మనిషి తనకు ఇష్టం వచ్చినప్పుడు పడేదే కష్టం. మిగతాదంతా ఊడిగం.

మరి ఇప్పుడో? జర్మనీ యుద్ధం ముగిసిన నాలుగైదేళ్ళలో మా వీధి పిల్లలు ఒక్కొక్కడే జారుకున్నారు. ఒకడు కాట్పాడి స్టేషన్లో మూటలు మోయడానికి పోయాడు, ఇద్దరు కోలారు గనులకు పోయారు, మిగిలినవాళ్ళంతా వేలూరికి. నా కొడుకు మునిరాజు వేలూరులో ఒక అచ్చాఫీసులో చేరాడు. సీసపు అక్షరాలు ఏరి వరసగా పేర్చే పనట. గంట కొడితే లోపలికి, గంట కొడితే బయటికి. పైగా ఆదివారం వచ్చిందంటే సెలవు. వారానికొక సెలవేమిటి, సిగ్గు లేకపోతే సరి! మాకు నెలకు ఒక్కటే, అమావాస్య. ఆ రోజు నేతగాడు నూలు ముట్టడు. మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి, వడా పాయసం తిని, పడుకుంటాడు. దేవుడిచ్చిన సెలవుకూ దొర ఇచ్చిన సెలవుకూ తేడా ఉండదా?

ఇంత చెప్పే నాకే ఆ ఏడు కష్టం వచ్చింది. నూలు ఇచ్చే వర్తకుడు చెంగల్రాయలు ఒక బుధవారం మా గడపలో నిలబడ్డాడు. లోపలికి కూడా రాలేదు.

"నాగప్పా, నూలు తీసుకోనిపొయ్యి నెల దాటింది. సోమవారం పొద్దునకి ఈ పడుగు మగ్గం మింద ఉండాల. లేదంటే నూలు ఎనక్కి ఇచ్చెయ్. ఇంక నా అంగడికి రావద్దు."

"మనుషులు దొరకలేదు సామీ. పడుక్కి గంజి పెట్టేకి పన్నెండు మంది కావాల గదా. యాడుండారు?"

"అది నాకెందుకప్పా?" అని వెళ్ళిపోయాడు.

నూలు రాకపోతే మా నాయన తవ్విన మగ్గం గుంట పూడ్చుకోవలసిందే. ఆపైన నా గతి ఏమిటో మునిరాజు ముందే నిర్ణయించి పెట్టాడు. "నాయనా, మా అచ్చాఫీసు గేటు కాడ ఒక స్టూలుండాది. ఊరికే కూర్చొని వచ్చేవాళ్ళని పేరు అడగడమే. నీ గురించి చెప్పినా" అని పోయినసారి వచ్చినప్పుడు సంతోషంగా అన్నాడు. ఊరికే కూర్చోవడమట! రోజంతా మగ్గంలో కూర్చున్న మనిషిని పట్టుకుని కూర్చోమంటాడా? ఆ స్టూలు తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు. అరవై ఏళ్ళొచ్చాక ఒక గేటుకు కాపలా కుక్కలా ఉండటమంటే నాకు భయం. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గులేదు.

గంజి పెట్టడమంటే తెలియనివాళ్ళకు చెబుతాను. మగ్గానికి ఎక్కించే నిలువు పోగులన్నిటినీ కలిపి పడుగు అంటాం. దాన్ని వీధి పొడవునా గుంజలకు లాగి కట్టి, గంజి పట్టించి, రెండు పక్కలా నిలబడి పెద్ద కుంచెలతో ఆ కొస నుంచి ఈ కొస దాకా దువ్వుతూ పోవాలి. తెగిన పోగును అప్పటికప్పుడే అతకాలి. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాలి. దువ్వకముందే గంజి ఆరిపోయిందా, పోగులన్నీ అంటుకుపోయి చాపలా బిగుసుకుపోతాయి. ఆ నూలు ఇక దేనికీ పనికిరాదు. ఒక ఇంటి మనుషులతో అయ్యే పని కాదిది. ఈ రోజు నా పడుక్కి వీధంతా వస్తుంది, రేపు నీ పడుక్కి నేను వస్తాను. మా వీధిలో అదే పద్ధతి. ఇప్పుడు కుంచె పట్టని వీధి పెద్ద పోగా మిగిలిన మగవాళ్ళం నలుగురం. అందులో ఒకడికి చూపు ఆనదు, ఇంకొకడికి నడుం లేవదు.

అభిమానం చంపుకుని మునిరాజుకు కబురు పంపాను. స్నేహితులను తీసుకుని ఆదివారం సాయానికి రమ్మన్నాను. వాళ్ళ దిక్కుమాలిన సెలవు నాకు అక్కరకొచ్చిందని లోలోపల నవ్వుకున్నాను కూడా.

శనివారం సాయంత్రం రైలుకు మునిరాజు మరో ఎనిమిది మందితో దిగాడు. అందరూ ఈ వీధిలో పుట్టినవాళ్ళే. నా భార్య కమలమ్మ అప్పటికే మినప్పప్పు నానబెడుతూ ఉంది. పిల్లలొచ్చారని వడలు చేస్తుంది కాబోలు అనుకున్నాను.

ఆదివారం కోడి కూయగానే పడుగు లాగి కట్టాం. గంజి పట్టించాం. మగవాళ్ళు నలుగురం, పిల్లలు తొమ్మండుగురు. కుంచెలు కదిలాయి. చెప్పకూడదు గాని, బాగానే చేశారు వెధవలు. అరుపులు లేవు, కొట్లాటలు లేవు, ఒకరి అడుగు చూసి ఒకరు అడుగు వేశారు. నేను మాత్రం "శీక్రం, శీక్రం! ఇది మీ అచ్చాఫీసు కాదు!" అని అరుస్తూనే ఉన్నాను. ఎవరో ఒకరు అరవాలి కదా.

పడుగు ఒక కొస కూడా పూర్తిగా దువ్వలేదు. అప్పుడు వచ్చాడు మా వీధి పెద్ద అరుణాచలం. తలస్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, చేతిలో టెంకాయతో వచ్చి మా ముందు బిగుసుకుపోయి నిలబడ్డాడు.

"ఏమప్పా నాగప్పా! ఏం చేస్తా ఉండావు? ఈ దినం అమావాస్య గదా!"

నా చేతిలో కుంచె జారి కింద పడింది.

మీరు నవ్వకండి. మాకు పంచాంగం చదవడం రాదు. అరవనాట పుట్టి, తెలుగు మాట్లాడతాం, అంతే. వీధిలో నలభై మగ్గాలు ఆడిన రోజుల్లో అమావాస్య మా చెవులకే తెలిసేది. పొద్దున లేస్తే చప్పుడు ఉండదు, అంటే అమావాస్య. ఇప్పుడు ఈ వీధిలో ఏ పొద్దూ చప్పుడు లేదు. ఇక నాకు ఎలా తెలుస్తుంది? మునిరాజు ఆదివారాన్ని లెక్కపెట్టుకుంటూ నా అమావాస్యను నేనే పోగొట్టుకున్నాను.

"గంజి పెట్టేసినామన్నా," అన్నాను ఏడుపుగొంతుతో. "వదిలేస్తే పడుగు పోతాది."

"అమావాస్య పూట నూలు ముట్టిన ఇంటికి నీళ్ళు కూడా ఇయ్యగూడదని పంచాయితీలో చెప్పింది ఎవరు? నువ్వే కదప్పా?"

నేనే. ముసలివాళ్ళు ముగ్గురూ కుంచెలు గోడకు ఆనించి అరుగెక్కారు. నేను పిల్లల వైపు చూశాను. వీళ్ళకు ఆచారమా, గీచారమా, గంటలకు అలవాటు పడినవాళ్ళు కదా, వీళ్ళైనా కానిస్తారని ఆశ. మునిరాజు కుంచె మెల్లగా కింద పెట్టాడు.

"నేను చేయను నాయనా. ఏడేండ్లప్పుడు అమావాస్య దినం మగ్గంలో ఆడే నాడె ముట్టినానని వీపు చిట్లగొట్టినావు గదా. ఆ దినం నుంచి భయం నాకు."

"అది అప్పుడురా!"

"మేము యాడ పని చేసినా అమావాస్య నాడు నూలు ముట్టము మామా," అన్నాడు ఇంకొకడు. మిగిలినవాళ్ళు తలలూపారు. ఇన్నాళ్ళూ చెడిపోయారు, చెడిపోయారు అని నేను తిట్టిన పిల్లలు, సరిగ్గా చెడిపోవలసిన పూట మాత్రం చెడలేదు. నా కడుపు మండిపోయింది. ఎదురిళ్ళ మీదుగా ఎండ పడుగు మీదికి దిగుతూ ఉంది. నా కళ్ళకు ఆ అచ్చాఫీసు గేటూ స్టూలూ కనిపించాయి.

అప్పుడు కమలమ్మ కొంగు నడుముకు చుట్టుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

"అరుణాచలం బావా, ఒక మాట. పోయినేడు అమావాస్య నాడు అమరావతి రాట్నంతో నూలు కండెలు చుట్టిందని తప్పు కట్టమంటిరి గదా. అప్పుడు ఈయన ఏం చెప్పినాడు?"

అమరావతి మా పక్కింటి విధవ. ఆ తీర్పు వీధిలో అందరికీ గుర్తుంది. నాకు మరీ గుర్తుంది, ఎందుకంటే అంత తెలివైన తీర్పు నేను మళ్ళీ చెప్పలేదు. ఆడవాళ్ళు కండెలు చుట్టడం, పోగులతకడం, గంజి కాచడం ఇవేవీ పని కింద రావు, కాబట్టి అమావాస్య వాళ్ళకు వర్తించదు అన్నాను. ఆ మర్నాడు అదే అమరావతి చుట్టినదానికి కూలి అడిగితే, అదే తీర్పు వినిపించి కూలి లేదన్నాను.

"పని కాదన్నాడు," అన్నాడు అరుణాచలం, ఎటూ తేల్చుకోలేక.

"ఆమాం. మేము చేసేది పని గాదు. అట్లయితే మాకు అమావాస్య అడ్డం రాదు." కమలమ్మ వీధి వైపు తిరిగి కేకేసింది. "అమరావతీ! రాజాంబాళ్! పుష్పవతీ! అందురూ రండే!"

ఇంటింటి నుంచీ వచ్చారు. పధ్నాలుగు మంది. నేను కింద పడేసిన కుంచెను కమలమ్మ తీసుకుంది.

"నీకు కుంచె పట్టేకి వస్తాదా?" అన్నాను.

"మీరంతా నడుమలో వక్కాకు వేసుకునేకి పోతే ఇన్నేండ్లూ దువ్వింది ఎవురనుకున్నావు? తప్పుకో."

తప్పుకున్నాను. ఆ తర్వాత జరిగింది ఈ వీధిలో ఎవరూ మరిచిపోరు. పధ్నాలుగు మంది ఆడవాళ్ళు ఎండతో పోటీ పడి పడుగు ఈ కొస నుంచి ఆ కొసకు దువ్వుతున్నారు. ఎడమవైపు అరుగు మీద అమావాస్య సెలవువాళ్ళం, కుడివైపు అరుగు మీద ఆదివారం సెలవువాళ్ళు. ఖాళీగా ఉన్నాం కాబట్టి వాదన మొదలైంది. ఈ కాలం పిల్లలకు ఒళ్ళు వంగదని నేనన్నాను. పెద్దవాళ్ళు కష్టపడిన కాలం తామెన్నడూ చూడలేదని వాళ్ళన్నారు. ఇరుపక్షాలూ బాగా మాట్లాడాం. మధ్యలో పుష్పవతి "కాళ్ళు ఎత్తండప్పా, పోగు తెగింది" అంటే కాళ్ళు ఎత్తాం కూడా.

ఎండ ముదిరేలోగా పడుగు ఆరింది. ఒక్క పోగు అంటుకోలేదు. చేత్తో తడిమితే జారిపోతూ ఉంది. నా నలభై ఏళ్ళ నేతలో అంత చక్కని పడుగు చూడలేదు. ఆనందం ఆపుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. గేటు దగ్గర స్టూలు తప్పింది!

ఆడవాళ్ళు పడుగు చుట్టి నా ముందు పెట్టారు. చెమటలు కారుతున్నాయి అందరికీ. అరుణాచలం లేచి గొంతు సవరించుకున్నాడు.

"నాగప్పా, రేపు ఎవురైనా అడిగితే నేను జవాబు చెప్పాల. ఈ దినం ఈ వీధిలో పని జరిగిందా, లేదా? నువ్వే చెప్పు."

జరిగిందంటే నూలు మైలపడినట్టే, తప్పు కట్టాలి, పడుగు పోతుంది. ఆడవాళ్ళంతా నా వైపే చూస్తున్నారు. అమరావతి అరచేతిలో కుంచె ఒరుసుకుని బొబ్బ లేచి ఉంది. అదీ చూశాను. చూసి కూడా అన్నాను.

"లేదన్నా. పనేమీ జరగలేదు."

కమలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, పోయి అరుగు మీద నేను లేచిన చోట కూర్చుంది. మిగతా ఆడవాళ్ళూ వాళ్ళ వాళ్ళ అరుగుల మీద కూర్చున్నారు. మధ్యాహ్నమైంది. ఏ ఇంట్లోనూ పొగ లేవలేదు. నానిన మినప్పప్పు గిన్నెలోనే ఉంది. ఆకలికి ఆగలేక అడిగాను.

"అన్నం?"

"అది మాత్రం పనా?" అంది.

పిల్లలు కొట్లో బొరుగులు కొనుక్కుని తిని సాయంత్రం రైలెక్కారు. మునిరాజు పోతూ పోతూ, "ఆ స్టూలు ఇంకా ఖాళీగానే ఉండాది నాయనా" అన్నాడు. పోరా అన్నాను.

సోమవారం పొద్దున పడుగు మగ్గం ఎక్కింది. చెంగల్రాయలు వచ్చి చూసి తలూపి పోయాడు. నేను గుంటలో కాళ్ళు పెట్టి, దేవుడికి దణ్ణం పెట్టి, కుడిచేయి పక్కకు చాపాను. నలభై ఏళ్ళుగా అక్కడ ఒక బుట్ట, బుట్టలో అడ్డపోగుకు చుట్టి సిద్ధంగా ఉన్న కండెలు. ఎప్పుడు చేయి చాపినా నిండుగా ఉండేవి. ఎలా నిండుతున్నాయని ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు చేతికి బుట్ట అడుగు తగిలింది.

"కమలా! కండెలు యాడ?"

కమలమ్మ బయట అరుగు మీద ఉంది. నా వక్కాకు సంచి ఒళ్ళో పెట్టుకుని తీరిగ్గా సున్నం రాసుకుంటూ ఉంది. వీధి చివరిదాకా చూశాను. ప్రతి ఇంటి అరుగు మీదా ఇదే.

మళ్ళీ లోపలికి వచ్చి రాట్నం ముందు కూర్చున్నాను. పోగు పట్టుకుని చక్రం తిప్పాను. తెగింది. అతికాను. మళ్ళీ తిప్పాను. ఒక పక్క ఉబ్బింది, ఇంకో పక్క జారింది. విప్పి మొదటి నుంచి చుట్టాను. నడుం పట్టేసింది. వేలు కోసుకుపోయింది. పొద్దు వాలేసరికి మూడు కండెలు తేలాయి. మూడూ మూడు వంకరలు. వాటితో జానెడు గుడ్డ కూడా రాదు. నిన్న నేనన్న మాట నాకే గుచ్చుకుంది, కానీ దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు. తీసుకుంటే పడుగు పోతుంది.

కమలమ్మ లోపలికి వచ్చింది. ఒక కండె తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"చేతులు నొస్తా ఉండాయా?" అంది.

"నొస్తా ఉండాయే."

"యాల నొస్తాయి? నువ్వేమి పని చేసినావని?" అని కండె బుట్టలో వేసి, మళ్ళీ అరుగు మీదికి పోయింది.