అమ్మ పాటలో దరువు ముక్క

మా తమ్ముడు థర్మన్ స్నానాల తొట్టిలో రికార్డులు నానబెట్టేవాడు. అలసందలు నానేసినట్టు పొద్దున్నే నీళ్లలో పడేసి, మధ్యనున్న లేబుళ్లు మెత్తబడ్డాక గోటితో గీకి పారేసేవాడు. అది ఏ పాటో, ఎవరు పాడారో అవతలి వీధిలో రికార్డులు వేసేవాళ్లకు తెలియకూడదు. తెలిసిందా, వచ్చేవారానికి వాళ్ల దగ్గరా అదే దరువు మోగుతుంది. ఆ కాగితప్పీచు తూములో అడ్డంపడితే పుల్ల పెట్టి లాగే భాగ్యం మాత్రం నాది.

ఇప్పుడు లోకమంతా హిప్‌హాప్ అంటోంది. ఆ రోజుల్లో బ్రాంక్స్‌లోని మా వీధికి అది పార్కులో థర్మన్ పెట్టే మోత, అంతే. దీపస్తంభం అడుగున మూత విప్పి కరెంటు లాగేవాడు. ఒకే రికార్డువి రెండు ప్రతులు పక్కపక్కన పెట్టుకునేవాడు. పాటంతా వదిలేసి, మధ్యలో అన్నీ ఆగి డ్రమ్ములొక్కటే మోగే ముక్క పట్టుకునేవాడు. ఒకదానిమీద అది అయిపోతుండగానే రెండోదాన్ని చేత్తో వెనక్కి తిప్పి అందుకునేవాడు. పిడికెడు దరువును అలా ఎంతసేపైనా సాగదీసేవాడు. కుర్రకారు నేలమీద నున్నటి లినోలియం పట్టా ముక్క పరుచుకుని బొంగరాల్లా తిరిగేవారు.

ఆ దరువుల్లో ఒకటి మా అమ్మ రికార్డులోది.

అప్పటికి అమ్మ పోయి రెండు చలికాలాలైంది. శనివారం పొద్దున చేపలు వేయిస్తూ ఆ పాట పెట్టుకునేది. ఇరుగుపొరుగు పార్టీలకు పట్టుకెళ్తే తిరిగి రావాలని లేబులు మీద నీలం సిరాతో ‘హాటీ’ అని తన పేరు రాసుకుంది. థర్మన్ ఎక్కడో పాత సామాన్ల కొట్లో దానికి జోడు సంపాదించి, రెండింటినీ కలిపి తొట్టిలో వేశాడు. పనినుంచి నేను వచ్చేసరికి నీళ్లు నీలంగా ఉన్నాయి.

“అమ్మ పేరు కడిగేశావు కదరా!”

“లేబులు ఉంచి తిప్పితే అదేంటో కనబడిపోతుందక్కా. పాట ఎక్కడికీ పోలేదుగా.”

పోలేదు, కానీ నాకు అందలేదు. ఆ పాట పేరు నేనెప్పుడూ చదవలేదు. మాకది ‘అమ్మ పాట’, అంతే. పార్కులో ఆ దరువు మొదలైనప్పుడల్లా, ఈసారైనా పాట వస్తుందేమోనని ఒళ్లంతా చెవులు చేసుకుని నిలబడేదాన్ని. పాట గడపదాకా వచ్చేది. థర్మన్ తలుపు మూసేసేవాడు.

ఒక సాయంత్రం ఆగలేక స్పీకర్ల పక్కకు వెళ్లాను. మైకు పట్టుకున్నవాడు సీఫస్, మా వాడి స్నేహితుడు. నన్ను చూసి అందుకున్నాడు: “వెర్లీనక్క వచ్చింది, దారివ్వండహో! చేతులెత్తు అక్కా, దానికి అద్దె అడగంలే!”

“నోరు మూసుకో, వెధవా. ఒరేయ్ థర్మన్, ఒక్కసారి అమ్మ పాట మొదట్నుంచీ వెయ్యరా.”

“పిచ్చా నీకు? అంత నెమ్మదైన పాట వేస్తే జనం ఇళ్లకెళ్లి చిక్కుళ్లు వలుచుకుంటారు.”

“మా అమ్మమ్మ ఉంటుందిలేరా” అన్నాడు సీఫస్, మైకులోనే. పార్కంతా నవ్వింది.

“పోనీ ఇంట్లో వెయ్యి.”

థర్మన్ నవ్వలేదు. “ఇంట్లో నేను వెయ్యను. కావాలంటే పెట్టెల్లో నువ్వే వెతుక్కో” అన్నాడు.

ఆదివారం చర్చినుంచి వచ్చి, టోపీ అయినా తీయకుండా ఆ పెట్టెల ముందు కూర్చున్నాను. అన్నీ బోడివే. వాడు గీసుకున్న ఏ గీత ఏ పాటకు గుర్తో వాడికి తెలుసు. నాకేం తెలుసు? ఒక్కోటీ అమ్మ వంటింటి ప్లేయరు మీద పెట్టి ముల్లు దించాను. బూరాలు వచ్చాయి. ఎవరో పాస్టరు నన్ను నరకానికి పొమ్మన్నాడు. మధ్యాహ్నం దాటి, ఎండ అవతలి ఇంటి కాలిపోయిన కిటికీల మీదికి పోయాక, గిటారు రెండుసార్లు తడబడినట్టు మోగింది. ఇదే.

ఒకావిడ పాడటం మొదలుపెట్టింది. మంచి గొంతు. తేనెలాంటి గొంతు. నాకు బొత్తిగా పరిచయం లేని గొంతు.

తప్పు రికార్డేమోనని వంగి విన్నాను. కాదు. మాటలన్నీ నాకు వచ్చినవే. అప్పుడు తట్టింది. అమ్మ ఏ రోజూ ఈవిడను పాడనిచ్చింది కాదు. రికార్డు కంటే పెద్ద గొంతేసుకుని, శ్రుతి గోడకు తగిలించి, పైనుంచి తనే పాడేసేది. నేను ఇన్నాళ్లూ వెతికింది ఈ ప్లేటులో లేదు. ప్రతి చరణంలోనూ అమ్మ ఉండాల్సిన చోట ఈ తేనె గొంతు కూర్చుని ఉంది. కట్టేద్దామని చెయ్యి చాపాను.

“ఉండు. ఇంకొంచెం ఉంది” అన్నాడు థర్మన్. ఎప్పుడు వచ్చాడో, తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

పాడటం ఆగింది. దరువు వచ్చింది. వాడి చేతిలో అరిగి అరిగి, మూకుట్లో నూనె చిటపటలాడినట్టుంది.

“పాట మొత్తానికి అమ్మ నోరు మూసుకునేది ఇక్కడే కదక్కా” అన్నాడు.

నిజమే. ఇక్కడికొచ్చేసరికి పాట ఆపేది. అట్లకాడ పొయ్యి పక్కన పడేసి, నడుం మీద చేతులేసుకుని, కళ్లు మూసుకుని ఆడేది. చేపలు మాడినా సరే. ఇక్కడ ఏ గొంతూ అక్కర్లేదు. ఇక్కడ ఏ లోటూ వినపడదు.

దరువు అయిపోవచ్చింది. ఆ తేనె గొంతు ఊపిరి తీసుకోవడం వినబడింది. థర్మన్ రెండంగల్లో వచ్చి రికార్డు మీద వేళ్లు ఆనించి వెనక్కి లాగాడు. అది కీచుమని అరిచి, మళ్లీ డ్రమ్ముల దగ్గర మొదలైంది.

“ఇక చాలా అక్కా?” అన్నాడు.

నేను పొయ్యి ముందున్న ఖాళీ చోటు చూస్తున్నాను.

“చెయ్యి తియ్యకురా” అన్నాను.