మూడో ఆప్షన్

మూడోసారి టీ అడిగేసరికి అర్థమైంది, హాల్లో ఫిజిక్స్ ఇంకా తేలలేదని.

మా అమ్మాయి రాసిన ఎంట్రన్స్ పరీక్ష కీ నిన్న సాయంత్రం వచ్చింది. తప్పులుంటే ఈరోజు ఐదింటిలోపు అభ్యంతరం పంపాలి. నిరుటి కటాఫ్‌కి మూడంటే మూడు మార్కుల దూరంలో ఆగింది పిల్ల. గొడవంతా ఒక్క ప్రశ్న మీదే. గ్లాసులో నీళ్లు, నీళ్లలో తేలే ఐసు, ఐసులో ఇరుక్కున్న ఇనప ముక్క. ఐసు కరిగితే నీటిమట్టం ఏమవుతుంది? పిల్ల మూడో ఆప్షన్ పెట్టింది: తగ్గుతుంది. కీ మాత్రం మారదంటోంది. అభ్యంతరం నెగ్గితే నాలుగు మార్కులొస్తాయి, కోసేసిన ఒక మార్కూ తిరిగొస్తుంది.

"ఐసు కరిగితే మట్టం మారదన్నయ్యా. ఎనిమిదో క్లాసు పాఠమిది," అంటున్నాడు మా మరిది. కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్తాడు. ప్రశ్నకి ఇరవై సెకన్లే అని పిల్లలకి నేర్పీ నేర్పీ, ప్రశ్నని చివరిదాకా చదివే అలవాటు తనకే పోయింది. ఐసు అన్నచోట బండి దిగిపోయాడు, ఇనుము దాకా రాలేదు.

"మారదంటే మారదురా, ఒప్పుకున్నా. కానీ పిల్ల కోసం తగ్గాలి. ఏదో ఒక పాయింటు పట్టు," అంటున్నారు మావారు.

నేను గుమ్మంలోంచి, "లోపల ఇనుముంది కదండీ," అన్నాను.

"నువ్వు ముందు ఆ టీ సంగతి చూడు, పొంగుతుంది," అన్నారాయన, వెనక్కి తిరక్కుండానే.

టీ పొంగలేదు. పద్దెనిమిదేళ్లలో నా చేతిలో పాలు పొంగింది ఒకే ఒక్కసారి, అదీ కాపురానికొచ్చిన మూడోరోజున. "ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి పాలు పొంగించావా తల్లీ!" అని మా అత్తగారు చుట్టుపక్కల నాలుగిళ్లకీ వినబడేలా మురిసిపోయారు. ఈ ఇంట్లో నా డిగ్రీ పూర్తిపేరు పలికింది అప్పుడే, అదే ఆఖరు. ఆ తర్వాత మావారి స్నేహితుల ముందు అది "ఆవిడా ఏదో సైన్సు చదివింది లెండి" అయింది. ఆ ఏదో సైన్సే పిల్లకి ఆరో క్లాసు నుంచీ చెప్తున్నాను, ఒక చేత్తో కూరగాయలు తరుగుతూ. దానికి మార్కులొస్తే బాబాయి పోలిక, తగ్గితే "ఇంట్లో ఉండి ఏం చేస్తున్నట్టు?" ఈ లెక్క మాత్రం ఏ సూత్రానికీ లొంగలేదు.

మూడో విడత టీతో పాటు ఒక వెడల్పు మూతి గాజు సీసా కూడా తెచ్చి టేబుల్ మీద పెట్టాను. అందులో నీళ్లు, నీళ్లలో చిన్న గిన్నెడు ఐసుగడ్డ, ఐసులో కుక్కర్ హ్యాండిల్ బోల్టు. మూడు నెలలుగా బిగించమని అడుగుతున్న బోల్టే అది, పొద్దున చేతికే ఊడొచ్చింది. నీటిమట్టం దగ్గర రబ్బరు బ్యాండు వేశాను.

"ఇదేంటి వదినా?" అన్నాడు మరిది.

"మూడో ఆప్షన్. తేలుతున్నంతసేపూ బోల్టు తన బరువంత నీళ్లని పక్కకి నెడుతుంది. అడుక్కి పోయాక తన సైజంత చోటు చాలు దానికి."

మరిది ప్రశ్న మళ్లీ తీసి ఈసారి చివరిదాకా చదివాడు. చెవులు కాస్త ఎర్రబడ్డాయి. పిల్ల దిండు వెనక మొహం దాచుకుంది.

నాలుగూ యాభైకి ఐసు పూర్తిగా కరిగింది. నీళ్లు బ్యాండుకి బియ్యపుగింజ మందం కిందికి దిగాయి. ముగ్గురూ సీసా చుట్టూ వంగి చూశారు.

"దిగింది!" మావారు ఒక్క ఉదుటున లేచారు. "పది నిమిషాలే ఉంది, త్వరగా రాయండి! వివరణ కింద బాబాయి పేరు పెట్టవే, బరువుంటుంది."

"అక్కర్లేదు నాన్నా," అంది పిల్ల, నవ్వు ఇక ఆపుకోలేక. "పొద్దున పదింటికే పంపేశాం. అమ్మ రాసింది. కింద అమ్మ పేరు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ అని పెట్టాం."

"మరి ఈ సీసా?"

"అది మీకోసం," అన్నాను.

"పొద్దున్నుంచీ కొట్టుకు ఛస్తుంటే చెప్పవేం?"

"అడిగింది టీయేగా. మూడుసార్లూ ఇచ్చాను."

వారానికి తుది కీ వచ్చింది. మూడో ఆప్షన్. "మా ఇంట్లో అందరం కూర్చుని తేల్చాం," అని మావారు ఫోన్లో ఎవరికో చెప్తుండగా, పక్కింటి పిల్ల, ఇంకో ఇద్దరు పుస్తకాలతో తలుపు తట్టారు. "ఆంటీ, మాక్కూడా చెప్తారా?"

డైనింగ్ టేబుల్ మీద చిక్కుడుకాయలుంటే గిన్నెతో సహా తీసి మావారి ఒళ్లో పెట్టాను. కుక్కర్ బోల్టు పైన పెట్టాను.

"రోజూ నాలుగు నుంచి ఆరు దాకా ఈ టేబుల్ నాది," అన్నాను. "టీ కావాలంటే నీళ్లు ఎంత పొయ్యాలో మీ తమ్ముణ్ని అడగండి. ప్రశ్న చివరిదాకా చదవమని మాత్రం చెప్పండి."