బూరోని కాడ పెట్టిన బుగులు

పొద్దుగాల చేవెళ్ళ బస్సు రాకముందే మొయినాబాద్‌ల పశువుల షెడ్డు కాడ జనం జమైతుండె. పాలు పోసేటోళ్ళు, బడికి పొయ్యేటోళ్ళు, పట్నంల గోడలు కట్టే మేస్త్రీలు, అందరు జరసేపు ఆగి, బూరోడనే ఎద్దు మూపురం మీద చెయ్యి పెట్టి, తమ భయం బుగులు అక్కడ విడిచి, తమ దారిన పోతుండ్రి. చెయ్యి పెట్టంగనే గుండెల దడ తగ్గుతది. బూరోడు ఒకసారి ఒళ్ళు జలదరించి మళ్ళ గడ్డి నములుతడు. షెడ్డు ఊడ్చే బాలమల్లుకు మాత్రం ఈ జనంతోని మహా విసుగు. ఊడ్చిన పెండను తొక్కి షెడ్డంత చేస్తరని రోజు తిడుతుండె.

ఆ షెడ్డు మహిళా క్లబ్బోళ్ళది. పని చేసినన్నాళ్ళు చేయించుకొని, ముసలిదైనంక పశువును రోడ్డు మీద విడిచిపెట్టి మొకం చాటేసే మారాజులు ఏ కాలంల లేరు? అట్లాంటి వాటికోసం ఆడోళ్ళంత కూడి రేకుల కప్పు ఏసిన్రు. ఒక గుడ్డి గాడిద, కుంటి కుక్కలు, పాలుడిగిన బర్రెలు, ఇగ బూరోడు. వాడు ముడిమ్యాల కృష్ణయ్య ఎద్దు. బండి బోల్తపడి కాలిరిగితే కృష్ణయ్య ఏడ్చుకుంట తెచ్చి ఇక్కడ కట్టేసి, పొయ్యేముందు మూపురం నిమిరిండు. ఆయనకు పుట్టినకాడి నుంచి ఉన్న పిడుగుల బుగులు ఆ పూటతోనే పోయింది. సంగతి అట్ల అందరికి ఎర్కైంది.

ఇచ్చింది వాపసు తీసుకునే తరీక గూడ ఉన్నది. బూరోడు నాలికతోని నాకితే ఎవరి బుగులు వాళ్ళకొస్తది. ఆ మనిషి సచ్చిపోతే, వాళ్ళ ఇంటోళ్ళను నాకితే వాళ్ళకొస్తది. ఒక ఇంటిది ఇంకో ఇంటికి పోదు, ఆ విషయంల బూరోడు పక్కా. కని వాపసు అడిగిన మొనగాడు ఒక్కడు లేడు. బుగులు ఎవనికి ముద్దు?

అరవై తొమ్మిది ఎండాకాలం వచ్చేదాక అంత మంచిగనే నడిచింది. తెలంగాణ గావాలని పోరగాండ్లు కాలేజీలు బందు పెట్టి రోడ్ల మీదికొచ్చిన్రు. పట్నంల లాఠీలు, తూటాలు, కర్ఫ్యూ. పొద్దున పోయినోడు మాపటికి వస్తడో రాడో తెలువని దినాలు. జులూసుకు పొయ్యే పోరగాండ్లు బూరోని మీద చెయ్యి పెట్టి పోతుండ్రి. వాళ్ళను ఆపనీకి పొయ్యే పోలీసు జవాన్లు వాళ్ళ ఎనకనే నిలవడి, వాళ్ళు గూడ చెయ్యి పెట్టి పోతుండ్రి. రెండు దిక్కుల బుగులు ఒక్క మూపురంలనే పడ్డది. బూరోడు నిలవడ్డకాడనే వణుకుడు మొదలువెట్టిండు. బుగులుకు ఆకలెక్కువంటరు, ఎంత గడ్డి ఏసినా సాలుతలేదు. బందులకు గడ్డి లారీలు ఆగిపోయినయి. ఉన్న గడ్డి బంగారమైంది.

క్లబ్బుకు సెక్రెటరీ ధనమ్మ, మిషన్ బడిల టీచరమ్మ. క్లబ్బుకు ఎవరో దానమిచ్చిన ట్రాన్సిస్టరు రేడియో ఒకటి వాడకుంట ఉన్నది, దాన్ని లాటరీల పెట్టి, టిక్కెట్లు అమ్మి, మూగజీవాలకు గడ్డి కొందమని ఆమెనే అన్నది. పట్నం ఖబర్ల కోసం అందరు చెవులు రిక్కించుకొని ఉన్న కాలం, ట్రాన్సిస్టరంటే ఎవరికి చేదు? కని లాటరీ అనంగనే పాస్టరు స్వామిదాసయ్యకు కోపమొచ్చింది. సిలువ కింద సిపాయిలు ప్రభువు అంగీ కోసం చీట్లు ఏసిన్రు, మనం గూడ గదే పని చేస్తమా అని ప్రసంగంలనే అడిగిండు. ధనమ్మ ఊకుంటదా? యూదా జాగల ఇంకో శిష్యుని పెట్టుకోనీకి అపొస్తలులు ఏసింది గూడ చీట్లే గదయ్యా అని చర్చి గుడి మెట్ల కాడనే జవాబు చెప్పింది. పాస్టరయ్య గడ్డం గోక్కున్నడు. పొద్దుగాల బూరోని కాడికి ఆయన గూడ వచ్చేటోడే, చెయ్యి పెట్టకపోతే ప్రసంగంల నోరు పెగలదు. ఆ వారమే ఎవరు చూడనప్పుడు టిక్కెట్టు కొన్నడు.

నలుగురు ఒక్కతాన నిలవడొద్దని సర్కారు హుకుం. అయినా పోలీసు అమీన్‌సాబ్ లాటరీకి సరే అన్నడు, ఆయన జవాన్లకు గూడ బూరోడు బతకాలె గద. చీటీ ఎవరు తియ్యాలన్నకాడనే లొల్లైంది. ఆ దినాలల్ల ఎవరి చెయ్యి మీద ఎవరికి నమ్మకం లేదు. ఆఖరికి బూరోడే తియ్యాలని ఒప్పుకున్నరు. పేర్లు రాసిన చీటీలు చేటల పోసి వాని ముందట పెడితే, నాకినప్పుడు నాలికకు ఏది అంటుకుంటే అదే. నాలిక తాకితే బుగులు వాపసొస్తది గనుక, ఆ చీటీని బాలమల్లు పుల్లతోని తీస్తడు. ఇది అందరికి నచ్చింది.

ధనమ్మకు ప్రభాకర్ ఒక్కడే కొడుకు. ఆమె ఇంటికెదురుగ రోడ్డుకు అటుపక్క ఉండే సత్తమ్మకు ఎల్లేశ్ ఒక్కడే. సత్తమ్మ పాలు పోసి బతుకుతది. ఇద్దరికి పెనిమిట్లు లేరు, అందుకే దోస్తాన గట్టిది. ఊరంత బూరోని మీద చెయ్యి పెట్టినా ఈ ఇద్దరు పెట్టలే. పిల్లలను కాసేది తల్లి బుగులే అని వాళ్ళ నమ్మకం. పిల్లలు మాత్రం రోజు పెట్టి పోతుండ్రి. చలికాలం నుంచి పెట్టి పెట్టి ఇద్దరికి ఇసుమంత గూడ మిగలలే. ప్రభాకర్ వీపు మీద లాఠీ వాత తేలితే, అది ఎవరి వీపో అన్నట్టు కూసోని అన్నం తిన్నడు. రోడ్డు దాటేటప్పుడు అటు ఇటు చూసుడు బందువెట్టిండు. దొడ్డి కాడ తాచుపాము పడగెత్తితే దాని మీదికెల్లి దాటిపోయిండు.

సోమవారం పోరగాండ్లను ఎక్కించుకొని లారీ పోతదని తెలిసింది. పట్నంల పెద్ద జులూసని, ఈసారి లాఠీలు కాదు తుపాకులే అని చాయ్ హోటల్‌ల అందరు గుసగుస పెడుతుండ్రి. ధనమ్మకు అన్నం సయించలే.

"ఈ ఒక్కసారి పోకు బిడ్డా" అన్నది.

"ఏమైతదమ్మా?" అన్నడు ప్రభాకర్.

మొండితనంతోని అనలే. ఏమైతదో వానికి నిజంగనే తోస్తలేదు, తెలుసుకుందమన్నట్టు అడిగిండు. ఆ మొకం చూసి ధనమ్మకు ఒళ్ళు సల్లవడ్డది. వీని బుగులు వీనికి వాపసు రావాలె, లేకపోతే వీడు నాకు దక్కడు అనుకున్నది. నాకించుకోమంటే వాడు ఎందుకని అడుగుతడు, సమజ్ చెయ్యనీకి మాటల్లేవు. అప్పుడు ఆమెకొక ఉపాయం తట్టింది. వాని చీటీ గనక బూరోని నాలికకు అంటితే, పుల్ల కోసం వాడు ఆగడు, తానే చేత్తోని పీకుతడు. బుగులు లేనోడు నాలికకు బుగులు పడతడా?

శనివారం మాపు సత్తమ్మతోని కూసోని చీటీలు మడిచింది. సత్తమ్మ పాలు పిండనీకి లేచిపోయినంక, కొడుకు పేరున్న చీటీని ఉప్పునీళ్ళల్ల ముంచి, గిన్నె మూత మీద ఆరబెట్టింది. ధర్మం కోసం పెట్టిన లాటరీల మోసం, అది గూడ బైబిలు చదివే మనిషి. ఎల్లేశ్ చీటీ గూడ ఆమె చేతిలనే ఉన్నది. రెండింటికి ఉప్పు రాస్తే బూరోడు దేన్ని పడతడో, నా కొడుకుది తప్పుతదో ఏమో అనిపించింది. ఎల్లేశ్‌దాన్ని వట్టిగనే మడిచి చేటల ఏసింది.

ఆదివారం గుడి విడిచినంక అందరు షెడ్డు కాడికొచ్చిన్రు. బాలమల్లు చేట పట్టుకున్నడు. బూరోడు వణుక్కుంటనే మూతి ముందుకు పెట్టి, చీటీలన్ని వాసన చూసి, ఒకదానికాడ ఆగి నాకిండు. నాలిక మీద తెల్లగ చీటీ అంటుకున్నది. పాస్టరయ్య వంగి చూసి ప్రభాకర్ పేరు చదివిండు. అందరు చప్పట్లు కొట్టిన్రు. బాలమల్లు పుల్ల ఎతుక్కుంటుండంగనే ప్రభాకర్ నవ్వుకుంట ముందుకొచ్చిండు. ఆగు పోరడా, తాకకు అని అందరు ఒర్లుతుండంగనే చీటీ పీకనీకి చెయ్యి పెట్టిండు. బూరోడు ఆ చెయ్యిని ఇటు తిప్పి అటు తిప్పి మంచిగ నాకిండు.

నెలల బుగులు ఒక్కసారే వచ్చింది. ప్రభాకర్ మొకం సున్నం కొట్టినట్టైంది. పెండలనే కూలవడ్డడు. ఎవరో ట్రాన్సిస్టరు చేతిల పెట్టి శబ్దం పెట్టిన్రు, పట్నంల కర్ఫ్యూ అని అది చెప్పంగనే దాన్ని విసిరికొట్టినంత పని చేసిండు. ఎల్లేశ్ వాన్ని చూసి కడుపుబ్బ నవ్విండు. ఇంటికి తీసుకపోతే గోడకు వీపు ఆనించి కూసున్నడు.

"అమ్మా, నాకు బుగులైతున్నది" అన్నడు.

ధనమ్మ వాని తల గుండెకు అదుముకొని ఏడ్చింది. ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నది. ఇగ వీడు పోడని గట్టిగ నమ్మింది.

సోమవారం తెల్లారి చూస్తే కొడుకు అంగీ తొడుక్కున్నడు. వేళ్ళు వణికి గుండీలు పడుతలేవు.

"బుగులైతున్నదంటివి గద కొడుకా?"

"అయితున్నదమ్మా, చాన అయితున్నది. అందరితోని పోతనని మాటిచ్చిన. బుగులుతోనే పోత."

ధనమ్మకు ఇంతకుముందు పోయినోడు ఎవడో, ఇప్పుడు పొయ్యేది తన కొడుకు అనిపించింది. గుండీలు ఆమెనే పెట్టింది. ఆ పొద్దు ప్రభాకర్ షెడ్డు దిక్కు తిరగకుంట లారీ కాడికి నడిచిండు. ఎల్లేశ్ పైనుంచి చెయ్యిచ్చి వాన్ని గుంజుకున్నడు. దుమ్ము లేసి లారీ కనిపించకుంట పోయింది.

ఇద్దరు తల్లులు షెడ్డు గోడ మీద కూసున్నరు. ఎండ ఎక్కింది. బస్సుల్లేవు, సైకిలు మీద వచ్చేటోడు గూడ లేడు. పగటియాల్లకు బూరోడు మోరెత్తి ఎన్నడు లేంది అరిచిండు. గుడ్డి గాడిద అరిచింది, కుక్కలు మూలకు నక్కినయి. బాలమల్లు చీపురు పారేసి కూసున్నడు. సత్తమ్మ ధనమ్మ చెయ్యి పట్టుకున్నది.

పొద్దుగూకంగ లారీ వచ్చింది. దిగిన పోరగాండ్లల్ల ఎల్లేశ్ లేడు. ప్రభాకర్ దిగి, తల్లి దిక్కు రాకుంట సక్కగ సత్తమ్మ కాడికి పోయి కాళ్ళు పట్టుకున్నడు.

"తుపాకులు ఎత్తంగనే నాకు కాళ్ళు ఆగలే పెద్దమ్మా. ఉరికిన. ఎల్లేశ్ చెయ్యి పట్టి గుంజిన. ఎందుకు ఉరుకుతున్నవన్నా అని అడిగిండు. నవ్వుకుంటనే చెయ్యి ఇడిపించుకున్నడు."

ఎల్లేశ్‌ను తెల్లారి తెచ్చిన్రు. ఊరంత వచ్చింది. మట్టి ఏసినంక ఎవరిండ్లకు వాళ్ళు పోయిన్రు, సత్తమ్మ ఇంట్ల పొయ్యి వెలగలే.

ఆ తర్వాత బూరోని మీద చెయ్యి పెట్టనీకి జనం ఎనకముందైన్రు. పొద్దున పెట్టి పోయిన ఒకరిద్దరు వాపసొచ్చి గమ్మున చెయ్యి నాకించుకొని పోయిన్రు. లాటరీతోని వచ్చిన గడ్డిని ధనమ్మ పశువులకు పంచుతుంటే ఒకనాడు సత్తమ్మ వచ్చింది. అరచెయ్యి చాపింది.

"జర ఉప్పు పెట్టు టీచరమ్మా."

ఎల్లేశ్ బూరోని కాడ పెట్టిపోయిన బుగులు అడుగుతున్నదని ధనమ్మకు ఎర్కైంది. వద్దక్కా, ఓపలేవు అన్నది.

"వాంది ఇంకేం మిగిలింది నాకు? గిదొక్కటే గద."

ధనమ్మ ఇగ దాచలేకపోయింది. "లాటరీ నాడు మావాని చీటీకి ఉప్పు రాసిన అక్కా. ఎల్లేశ్‌దానికి రాయలే. చేతిల ఉండంగనే రాయలే."

ధనమ్మ తిట్టుకు సిద్ధమైంది, కొట్టినా పడుదమనుకున్నది.

"నాకు తోచి ఉంటే నేను గూడ నా కొడుకుదానికే రాస్తుంటి" అన్నది సత్తమ్మ. చెయ్యి మాత్రం ఎనకకు తీయలే.

ధనమ్మ ఉప్పు పెట్టింది. బూరోడు ఆ చెయ్యిని మెల్లగ, ఆగి ఆగి నాకిండు. నాకినకొద్ది వాని వణుకు తగ్గింది. సత్తమ్మ కండ్లు మూసుకొని గుంజకు ఆనుకున్నది. ధనమ్మ ఆమెను పట్టుకొని, ఏం కనపడ్డదక్కా, తుపాకులేనా అని అడిగింది.

"తుపాకి లేదు టీచరమ్మా వాని బుగుల్ల. పోలీసు లేడు. సచ్చిపోతనన్న బుగులు గూడ లేదు. నేను ఒక్కదాన్నే పొయ్యి కాడ కూసోని అన్నం తింటున్న. గదే. మళ్ళ మళ్ళ గదే."

ఇంటికొచ్చి ధనమ్మ ఆ మాట కొడుక్కు చెప్పింది. ప్రభాకర్ పొద్దుగూకంగ తన పళ్ళెంల అన్నం పెట్టుకొని గడప దాటిండు. రోడ్డు నడుమ పోలీసు వ్యాను నిలవడ్డది, జవాన్లు దిక్కు దిక్కు చూస్తున్నరు. వాని చేతిల పళ్ళెం గడగడ వణికి మెతుకులు కింద పడ్డయి. నిలవడ్డడు, అటు ఇటు చూసుకున్నడు, దాటిండు. సత్తమ్మ సల్లారిన పొయ్యి కాడ కూసోని ఉన్నది. ప్రభాకర్ ఆమె ముందట సక్లముక్లం ఏసుకొని కూసున్నడు.

"పెద్దమ్మా, నీ పళ్ళెం గూడ తెచ్చుకో" అన్నడు.