తొమ్మిది రంగుల పిల్లలు

గద్ద రెండో కోడిపిల్లను తన్నుకుపోయిన రోజున మా మామయ్య అన్నం ముట్టలేదు. పళ్లెం ముందు కూర్చుని పెరటివైపే చూస్తూ, "పదకొండు ఉండేవి" అన్నారు.

నూలుకు, గుడ్డకు రంగు వెయ్యడం మా ఇంటి పని. అందులో నలభై ఏళ్లు పండిన చెయ్యి ఆయనది. పోయిన ఏడు జబ్బు చేసి చేతులు వణకడం మొదలయ్యాక తొట్ల దగ్గరికి రావడం మానేశారు. నేనూ మా ఆయనా ఎంత బతిమాలినా, "వణికే చేతికి రంగు లొంగదు" అని గోడవైపు తిరిగి పడుకునేవారు. చివరికి ఆయన్ని మంచం దింపింది మా నల్లపెట్ట. అది పిల్లల్ని చేసిన రోజు నుంచి పొద్దున్నే గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చి, నూకలు చల్లి, సాయంత్రం దాకా కాపలా కాసేవారు. అలాంటి మనిషి కళ్లముందే రెండు పోయాయి. మిగతావీ పోతే మళ్లీ మంచమెక్కుతారని నా భయం. దాపరికమెందుకు, ఆ భయంతో ఆ రోజు మా ఆయన మీద నాలుగుసార్లు విరుచుకుపడ్డాను. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఆ మనిషి తనేం తప్పు చేశాడో తెలియక తొట్లు తోముతూ కూర్చున్నాడు.

మర్నాడు లేచి చూద్దును కదా, మామయ్య పొయ్యి దగ్గరున్నారు!

"అమ్మాయ్, నీళ్లు కాచు. గద్దకు తెలిసిన పిల్ల పసుపుపచ్చ పిల్ల. ఎప్పుడూ చూడని రంగైతే అనుమానపడుతుంది. అనుమానమొస్తే దిగదు."

"మీకొచ్చి చెప్పిందా మామయ్యా?"

"నోరు తర్వాత. ముందు నీళ్లు."

ఏడాది తర్వాత నాకు పని పురమాయించారు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, నీళ్లు కాచాను.

పిల్లలకు హాని చెయ్యని ఆకుల రంగు, పూల రంగు, బెరడు రంగు తీశారు. అన్నిటికీ ఒకే రంగు వేస్తే సరిపోయేది. రంగులవాడి బుద్ధి ఊరుకుంటుందా? నమూనా గుడ్డలు ముంచినట్టు తొమ్మిదింటికీ తొమ్మిది రంగులు. ఒకటి గులాబి, ఒకటి నీలం, ఒకటి వంకాయరంగు, ఆఖరుది ఆకుపచ్చ. ఆ వణికే చేతులతోనే, కళ్లల్లో చుక్క పడకుండా, దూదితో అద్దారు. ఎండలో ఆరబెట్టి తల్లి దగ్గర వదిలాం.

నల్లపెట్ట ఒక కంటితో చూసింది. మెడ తిప్పి రెండో కంటితో చూసింది. ఆ తర్వాత గులాబిదాని నెత్తిన ఠక్కున ఒక పోటు పొడిచి, మిగతావాటిని పెరడంతా తరిమింది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గాని, ఆ కాకిపిల్లకు ఎవరూ గులాబిరంగు పూసి ఉండరు. తొమ్మిదీ గోడవారన గుంపుగా చేరి కీచుకీచుమంటున్నాయి. పైన గద్ద, కింద తల్లి.

"నా చేతులతో నేనే వాటికి తల్లిని లేకుండా చేశాను" అని మామయ్య చతికిలబడ్డారు.

"కడిగేద్దాం" అన్నాడు మా ఆయన.

"మీ నాన్న వేసిన రంగు కడిగితే పోతుందా? నలభై ఏళ్లలో ఒక్కరైనా రంగు వెలిసిందని వచ్చారా?" అన్నాను. తిట్టబోయి పొగిడినట్టయింది గాని, మామయ్య తలెత్తలేదు.

మా ఆయన, "చీకటి గది ఉందిగా. కళ్లకు కనిపిస్తేనే కదా పరాయివి? గొంతులు పాతవే" అన్నాడు. తడి నూలు ఎండకు వెలిసిపోకుండా తలుపులు బిగించి ఆరబెట్టే గది అది. పట్టపగలు కూడా చెయ్యి చాపితే చెయ్యి కనిపించదు. నోట్లో నాలుక లేని మనిషి అనుకుంటాం గాని, మా ఆయనకు బుర్ర ఉంది.

పెట్టను లోపల పెట్టి, పిల్లల్ని ఒక్కొక్కటిగా వదిలి, ముగ్గురం తలుపుకి చెవులు ఆనించాం. ముందు రెక్కల చప్పుడు, తర్వాత పిల్లల ఏడుపు, ఆ తర్వాత క్లక్ క్లక్‌మంటూ పెట్ట పిలుపు. ఇక అంతా సద్దుమణిగింది.

పొద్దున తలుపు తీస్తే రెక్కల కింది నుంచి ఎనిమిది రంగుల తలలు తొంగిచూశాయి. ఆకుపచ్చది మాత్రం ఆరేసిన నూలు చిలపల వెనక ఒక్కతే ఉంది. పాపం, రాత్రంతా దారి దొరికినట్టు లేదు. వెలుతురులో దగ్గరికి వెళ్లబోతే తల్లి పొడిచి పంపేసింది. మామయ్య దాన్ని అరచేతిలోకి తీసుకుని, "తల్లి రానివ్వకపోతే ఇది బతకదమ్మా" అన్నారు. పెట్టా ఎనిమిదీ పెరట్లోకి వచ్చాక, దాన్ని ఒక పక్కన దించి, విడిగా నూకలు చల్లారు.

అప్పుడే నీడ పడింది. పెట్ట ఒక్క కేక వేస్తే ఎనిమిదీ రెక్కల కింద దూరాయి. పదడుగుల అవతల ఆకుపచ్చది నూకలు ఏరుకుంటోంది. మామయ్య చెప్పిన అనుమానమేదీ గద్దకు లేదు. తిన్నగా దిగింది.

నేను కేక వేసేలోపు మామయ్య గోడ వదిలేశారు. నాలుగంగల్లో ఉరికి, మోకాళ్ల మీద పడి, రెండు చేతులతో పిల్లను కప్పేశారు. గద్ద రెక్క ఆయన జుట్టును రాసుకుంటూ ఉత్త కాళ్లతో పైకి లేచిపోయింది. చేతుల్లో పిల్ల ప్రాణం పోయేట్టు అరిచింది.

ఆ అరుపు విని పెట్ట ఎగిరి వచ్చింది, గద్ద మీదికి కాదు, మామయ్య మీదికి. పిల్లను పట్టుకున్న దొంగ ఆయనే మరి! ముంజేతుల మీద, మణికట్టు మీద ఎడాపెడా పొడిచింది. ఆయన చేతులు విప్పగానే ఆకుపచ్చది నేరుగా దాని రెక్క కిందికి దూరింది. పెట్ట దాన్ని ఏమీ అనలేదు. మళ్లీ మామయ్య మీదికే వచ్చింది.

నేను దూది పట్టుకుని, "లేవండి మామయ్యా, నెత్తురు కారుతోంది!" అని అరుస్తూ పరుగెత్తాను. ఆయన మట్టిలో కూర్చుని, కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వుతున్నారు. చెయ్యి ఇమ్మంటే ఇవ్వరు.

"ఉండమ్మా" అన్నారు. "ఇంకో రెండు పొడవనీ."