రెండో చెవి

జగ్గయ్యపేటలో ఆ ఆదివారం కల్యాణ్ కొడుకు దక్షిత్‌కు చెవులు కుట్టించాలి. వాడికి నాలుగేళ్ళు. చెవులు కుట్టేటప్పుడు పిల్లాణ్ణి మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టడం ఆనవాయితీ. కల్యాణ్ భార్య రాజ్యశ్రీకి అన్నదమ్ముల్లేరు. "ఎవరినో వెతకడమెందుకు, మా అన్నయ్య లేడూ?" అని కల్యాణ్ తల్లి సీతారావమ్మ తేల్చేసింది. నందిగామ నుంచి రత్తయ్యను పిలిపించింది.

కల్యాణ్ వద్దనలేకపోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, ఎరువుల కొట్టు నడిపేవాడు, పదిమందిని అదిలించి పని చేయించేవాడు. అమ్మ ముందు మాత్రం నోరు పెగల్లేదు. ఐదు నిమిషాల పనేగా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఎంత పిచ్చి సమాధానం!

ఆరు నుంచి పదో తరగతి దాకా అతను ఈ మావయ్య ఇంట్లోనే ఉండి చదివాడు. రత్తయ్య కొట్టేవాడు. కొట్టేవాళ్ళు ఊరంతా ఉంటారు గానీ, ఈయనదో పద్ధతి. ఏడుపు ఆగేదాకా బెల్టు ఆగదు. "మగపుటక పుట్టి ఏడుస్తావురా?" అంటూ బాదేవాడు. సెలవులకు వచ్చినప్పుడు సీతారావమ్మ కొడుకు వీపు మీది వాతలకు కొబ్బరినూనె రాసి, మళ్ళీ నందిగామ బస్సే ఎక్కించేది.

ఏడో తరగతికల్లా కల్యాణ్‌కు ఏడుపు ఆగిపోయింది. తండ్రి పోయిన రోజున కూడా కన్ను చెమర్చలేదు. గుండె నిబ్బరం గలవాడని జనం మెచ్చుకున్నారు. మెచ్చుకోరూ మరి! ఆ నిబ్బరమే నిరుడు కొట్లో కూర్చున్న మనిషిని ఊపిరాడకుండా నేలకు పడేసింది. గుండె భేషుగ్గా ఉందని డాక్టర్లు తేల్చి, విజయవాడలో మానసిక వైద్యురాలి దగ్గరకు పంపారు. ఆ సంగతి రాజ్యశ్రీకి తప్ప ఎవరికీ తెలియదు.

పిల్లాణ్ణి రత్తయ్య ఒళ్ళో కూర్చోబెట్టాక, కంసాలి మొదటి చెవి కుట్టాడు. దక్షిత్ కెవ్వుమన్నాడు. రత్తయ్య వాడి దవడలు రెండు వేళ్ళతో నొక్కి పట్టుకున్నాడు.

"ఏయ్! మగపిల్లాడివి కాదూ? నోరు ముయ్!"

పిల్లాడు నోరు మూశాడు. పెదాలు బిగించి, ముక్కుపుటాలు అదురుతుంటే, కిక్కురుమనకుండా చూస్తున్నాడు. "బంగారుకొండ!" అంటూ చుట్టాలంతా చప్పట్లు కొట్టారు.

కల్యాణ్‌కు ఒళ్ళు మండిపోయింది. విసురుగా వెళ్ళి కొడుకును ఎత్తుకున్నాడు.

"ఇంకో చెవుందిరా" అన్నాడు రత్తయ్య.

"ఉండనీ మావయ్యా."

"ఒంటి చెవితో లేపకూడదు బాబూ" అని కంసాలి నసిగాడు.

"వీడు కుట్టించుకుంటానన్న రోజున కబురు చేస్తానండీ. నా ఒళ్ళోనే కూర్చుంటాడు."

రత్తయ్య నవ్వాడు. "ఇంత మెత్తనయ్యావేంట్రా? నా దెబ్బలు తినబట్టే కదా మగాడివయ్యావు!"

"ఏం మగాణ్ణి మావయ్యా? నెలకి రెండుసార్లు మనసు డాక్టరు దగ్గరకి తిరుగుతున్నా. బిళ్ళ వేసుకోందే నిద్ర పట్టదు. ఇన్నాళ్ళూ సిగ్గుపడి దాచా. ఆ సిగ్గు నాది కాదు, నీది. నా కొడుకు మీద ఇంకోసారి చెయ్యేశావో, మర్యాద దక్కదు."

చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఒళ్ళోకి చేరాయి. రత్తయ్య కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "చెల్లెమ్మా! వీడికి బుద్ధి చెబుతావా, నన్ను పొమ్మంటావా?"

కల్యాణ్ అటు చూడనైనా లేదు. పిల్లాడి దవడ మీద ఎర్రబడినచోట బొటనవేలితో నిమిరాడు. "ఏడుపొస్తే ఏడవరా నాన్నా. ఎవరేమంటారో నేను చూస్తా."

దక్షిత్ రత్తయ్య వైపు ఒకసారి, తండ్రి మొహంలోకి ఒకసారి చూశాడు. ఆ తర్వాత ఇల్లెగిరిపోయేలా ఎత్తుకున్నాడు రాగం.

సీతారావమ్మ గబగబా దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "ఆపించరా కల్యాణ్. వీధిలోకి వినబడుతోంది."

"వినబడనీ అమ్మా. నా ఏడుపు నందిగామ నుంచి నీకు వినబడలేదుగా."