మంచు చూడటానికి వెళ్లాలా, వద్దా?

2008 ఫిబ్రవరిలో, పెళ్లయిన కొత్తలో, మా ఆయన రఘువీర్ నన్ను ఢిల్లీలో ధౌలా కువాన్‌లోని ఒక కాలేజీకి సినిమా అని తీసుకెళ్లాడు. తీరా చూస్తే అది వాతావరణ మార్పు మీద డాక్యుమెంటరీ. తెర మీద హిమాలయాల మంచు కరిగి రాళ్లు బయటపడుతుంటే నాకు దిగులేసింది. ఆ శనివారమే మేం టాక్సీలో మనాలి వెళ్లాలి. కాకినాడ పిల్లని, మంచును ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా చూడలేదు.

సినిమా అయ్యాక చర్చ మొదలవగానే చెయ్యెత్తి అడిగాను. "మేం మంచు చూడ్డానికి వెళ్లొచ్చా?"

"తప్పకుండా! ఉన్నప్పుడే చూసేయండి," అంది సినిమా తీసినావిడ.

"అందరూ ఇలా కార్లేసుకుని వెళ్లబట్టే కరుగుతోంది దీదీ!" అంది వెనక వరసలోని విద్యార్థిని.

హాలంతా ఇద్దరికీ చప్పట్లు కొట్టింది. నేనూ ఇద్దరికీ కొట్టాను.

బయటికొచ్చాక, "ఏవండీ, ఇంతకీ వెళ్దామా, వద్దా?" అన్నాను.

"టాక్సీ మానేసి బస్సులో వెళ్దాం."

"కొండదారిలో బస్సంటే నాకు వాంతులు!"

"అచ్ఛా, అయితే ఇంట్లోనే ఉందాం."

"అమ్మో, అదీ వద్దు!"

మర్నాడు బస్సు టికెట్లు కొన్నాం. దానివల్ల మంచుకేం మేలు జరిగిందో నాకిప్పటికీ అర్థం కాలేదు. కిటికీ సీటు మాత్రం నాకే దొరికింది.